ఆర్డినేషన్‌కు కొలత ఏది?
అమెరికాలోని యునైటెడ్ మెథడిస్ట్ చర్చి (ఒక ప్రొటెస్టెంట్ శాఖ) స్వలింగ సంపర్కుల ఆర్డినేషన్‌పై, అంటే వాళ్లను పాస్టర్లుగా అభిషేకించడంపై, 1984 నుంచి ఉన్న నిషేధాన్ని 2024 మే 1న షార్లెట్‌లో 692–51 ఓట్లతో ఎత్తేస్తే, మెథడిస్టులంతా మారిపోయినట్టు మాట్లాడటం సరికాదు. మన దేశంలోని మెథడిస్ట్ చర్చి 1981 నుంచే స్వతంత్రం, ఆ తీర్మానం మనకు వర్తించదు. అక్కడైనా ఫలానావారికి ఆర్డినేషన్ ఇచ్చి తీరాలని చెప్పలేదు, అడ్డు తీసేశారంతే. ఎంపిక కాన్ఫరెన్స్‌ల (ప్రాంతీయ చర్చి సభల) బోర్డులదే. ఈ గొడవలో 2019–23 మధ్యే అక్కడ 7,600కు పైగా స్థానిక సంఘాలు విడిపోయాయి. మన దగ్గరా ఈ చర్చ రాక తప్పదు. పాస్టరుగా నేను బోర్డులో కూర్చున్న ఒక ఆర్డినేషన్ ఇంటర్వ్యూలో, పెళ్లెందుకు ఆలస్యమైందని ఓ కుర్రాణ్ణి ముప్పావుగంట గుచ్చి గుచ్చి అడిగారు. చేతిలో రుమాలు నలుపుతూ తలొంచుకున్నాడు పాపం. కానుకల పద్దు రాయడం వచ్చా, రోగుల్ని చూడ్డానికి వెళ్తావా అని ఒక్కరూ అడగలేదు (నేనూ అడగలేదు, ఒప్పుకుంటాను). ఆర్డినేషన్ ప్రమాణాలన్నీ, అడిగే ప్రశ్నలతో సహా, తెలుగులో అచ్చువేసి ప్రతి సంఘానికీ పంపాలి. శీలం గురించి అడిగితే డబ్బు లెక్క, ఇంట్లో ప్రవర్తన కూడా అంతే గట్టిగా, అందరినీ అడగాలి. ఇంటర్వ్యూ బోర్డులో ఇద్దరు సామాన్య సభ్యులు ఉండాలి, వాళ్లలో ఒకరు స్త్రీ కావాలి.
– ఒక పాస్టరు, వికారాబాద్