రంగులు మారే ఫోటో కోసం ఆక్టోపస్‌ని కదిలించం

సముద్రం అడుగున బురద నేల మీద ఉండే జీవుల్ని చూపించే డైవింగ్ ట్రిప్‌లు మావి. పోయిన సీజన్‌లో కొందరు కస్టమర్లు మా మీద కోపంగా వెళ్లారు. బ్లూ రింగ్డ్ ఆక్టోపస్ కనిపించింది కానీ నీలం వలయాలు మెరవలేదు, పుల్లతో కాస్త కదిలించమంటే గైడ్ ఒప్పుకోలేదు, ఇదీ వాళ్ల ఫిర్యాదు. కొత్త బుకింగ్స్ మొదలయ్యే ముందే సూటిగా చెప్పేస్తున్నాను: ఈసారి కూడా కదిలించరు.

ఆ వలయాలు అంతలా మెరిశాయంటే అది బెదిరిందని అర్థం. మామూలుగా అయితే గోధుమ రంగులో, చుట్టూ ఉన్నవాటిలో కలిసిపోయి ఉంటుంది. పైగా దాని విషానికి విరుగుడు మందు లేదు, రెచ్చగొడితే మీకే ప్రమాదం. ఆక్టోపస్‌కి చుట్టమైన ఫ్లాంబోయెంట్ కటిల్‌ఫిష్ సంగతీ దాదాపు ఇంతే. పసుపు, ఊదా, తెలుపు రంగులు ఒంటి మీద అలలుగా పారే వీడియోలు మీరు చూసే ఉంటారు, కానీ ఎక్కువసేపు అది నేల రంగులోనే నెమ్మదిగా నడుస్తూ వేటాడుకుంటుంది. ఆ రంగులు మగది ఆడదాని ముందు చూపించేవి, లేదా ఏదో దాన్ని హడలగొట్టినప్పుడు వచ్చేవి. మొదటిది కంటపడితే మన అదృష్టం, సిలిండర్‌లో గాలి ఉన్నంతసేపూ దూరంగా ఆగి చూద్దాం. రెండోది మాత్రం మా చేతులతో చేయం.

నాకు అన్నిటికంటే ఇష్టం హెయిరీ ఫ్రాగ్‌ఫిష్, ఒంటి నిండా వెంట్రుకల్లాంటివి ఉండే చేప. నాచు పట్టిన రాయిలా కదలకుండా కూర్చుంటుంది, తల మీది ముల్లు చివర పురుగులాంటి ఎరని ఆడిస్తుంది, చిన్న చేప దగ్గరికి రాగానే కొన్ని మిల్లీసెకన్లలో మింగేస్తుంది, మన కంటికి ఆ చేప మాయమైనట్టే ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ బాగుంటుందని దాన్ని పక్కకి జరిపితే ఆ వేట అక్కడితో పోయినట్టే.

ఇండోనేషియాలోని లెంబే జలసంధిలో నల్ల ఇసుక మీద తీసిన ఫోటోలు పంపి ఇవన్నీ దొరుకుతాయా అని అడుగుతుంటారు. లిస్ట్ పంపండి, ఒళ్లు దాచుకోకుండా వెతుకుతాం, గ్యారంటీ మాత్రం ఇవ్వం. ఇవి అంత తేలిగ్గా కనపడవు: వేరే జీవుల్లా వేషం మార్చే మిమిక్ ఆక్టోపస్ శాస్త్రవేత్తల కంట పడిందే 1998లో, ఇండోనేషియాలోని సులవేసి దీవి దగ్గర, చూడ్డానికి ఏమీ లేనట్టుండే ఇలాంటి బురద నేల మీద.

ఈసారి ఒక్కో గైడ్‌కి ముగ్గురికి మించి డైవర్లని ఇవ్వం. మాకు ఆదాయం తగ్గుతుంది, తెలుసు, కానీ ఎక్కువమంది ఒకేచోట చేరితే బురద లేచి ఎవరికీ ఏమీ కనిపించదు. మొదటి డైవ్ కెమెరా లేకుండానే: నేలకి తగలకుండా తేలడం, ఫిన్స్‌తో (కాళ్లకి తొడిగే రెక్కలు) బురద లేపకుండా ఫ్రాగ్ కిక్, అంటే కప్పలా కాళ్లు పక్కలకి తన్నడం, వచ్చో లేదో చూస్తాం. అది కుదిరాకే కెమెరా. పుల్ల తెచ్చుకోవచ్చు, ఖాళీ ఇసుకలో గుచ్చి నిలదొక్కుకోడానికి మాత్రమే. పెద్ద కెమెరా ఉన్నవాళ్లు బుకింగ్‌లోనే చెప్పండి, మిమ్మల్ని వేరే గ్రూప్‌లో వేస్తాం. ఈ పద్ధతి నచ్చక బుకింగ్ మార్చుకోవాలంటే సీజన్ మొదలయ్యేలోపు మెసేజ్ పెట్టండి, అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం.