ఇంట్లోనే ఉండమంటున్నారు, సరే. ఇంటి సంగతి ఏం చేద్దాం?
(మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ)

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

సిరొంచ తాలూకా నుంచి నమస్కారాలు. మరాఠీ మాట్లాడగలను గానీ, కడుపులో ఉన్నదంతా కాగితం మీద పెట్టాలంటే నాకు తెలుగే వస్తుంది. మీ ఆఫీసులో మా వైపు వాళ్లు ఉండే ఉంటారు, చదివి చెప్తారని రాస్తున్నాను.

ఎండలు మొదలుకాగానే మా ఫోన్లకు మెసేజ్ వస్తుంది. మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా బయటికి రావద్దు, ఇంట్లోనే ఉండండి అని. మంచి మాటే, కాదనను. కానీ నేను పొద్దంతా ఇంట్లోనే ఉండే మనిషిని. గుమ్మం పక్కన కుట్టుమిషన్, దాని ముందు నేను, నెత్తి మీద రేకులు. మూడు గంటల వేళ ఆ ఇంట్లో కత్తెర పట్టుకుంటే వేళ్లు చురుక్కుమంటాయి. మిషన్ చక్రం తిప్పాలంటే తడిగుడ్డ చుట్టుకోవాలి. ట్యాంకు నల్లా తిప్పితే సగం కాగిన నీళ్లు వస్తాయి, చాయ్‌కి గ్యాస్ కలిసొస్తుందని మా అత్తమ్మ నవ్వుతుంది. ఫ్యాన్ వేస్తే రేకు కింది కాకనంతా దించి మొహాన కొడుతుంది. వేడి 40 డిగ్రీలు దాటాక ఫ్యాన్ గాలి ఒంటిని చల్లార్చదు, ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. అందుకే మా వాడలో ముసలివాళ్లు పన్నెండు కొట్టగానే మెసేజ్‌కి సరిగ్గా ఎదురు పని చేస్తారు. ఇంట్లోంచి లేచి వేపచెట్టు కిందికి పోతారు. వాళ్లను ఏమని వద్దంటాం?

వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతాల్లో 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాడ్పు. లేదా నేరుగా 45 తాకితే. ఆ లెక్క కొలిచే థర్మామీటరు ఎక్కడ ఉంటుందో మా అబ్బాయి పుస్తకంలో బొమ్మ చూశాను. తెల్ల రంగు వేసిన చెక్కపెట్టె, చుట్టూ గాలి ఆడే పలకలు, లోపల నీడ. అంటే ఆ థర్మామీటరు మా కంటే మంచి ఇంట్లో ఉంటోంది! అది 43 చూపిన రోజు మా రేకుల కింద ఎంత ఉంటుందో ఎవరూ కొలవడం లేదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని సామెత. గోదావరి దాటి కాళేశ్వరం జాతరకు పోతే రాత్రి దుప్పటి కప్పుకునే వాళ్లం. ఇప్పుడు ఆ నాటికే కూలర్ అటక మీంచి దించుతున్నాం. 2025 ఫిబ్రవరి, 1901 నుంచి లెక్కలున్న ఫిబ్రవరులన్నింటిలో వేడిదని వాతావరణ శాఖ చెప్పింది. 2022లో మార్చి నెలకూ అదే పేరు వచ్చింది. ముందే వచ్చే ఎండతో పెద్ద చిక్కు, దానికి ఒళ్లూ సిద్ధంగా ఉండదు, ఇల్లూ సిద్ధంగా ఉండదు. పిల్లలకు పరీక్షలు కూడా కాలేదు. మిరపకాయ ఏరడానికి తెలంగాణ వైపు పోయిన వాళ్లు ఇంకా చేలల్లోనే ఉంటారు. ఇప్పపువ్వు ఏరేవాళ్లు చీకటితో లేచి అడవికి పోయి, ఎండెక్కాక వచ్చి, పడుకుందామంటే ఇల్లు కాగుతుంటుంది.

మేం ఊరికే కూర్చోలేదు. రేకుల మీద వెదురు తడకలు పరిచి, వాటి మీద వరిగడ్డి కప్పుతాం. కిటికీకి తడి గోనె వేలాడదీస్తాం. రంజన్, అంటే నీళ్ల మట్టికుండ, ఇసుక మీద పెట్టి, చుట్టూ తడిబట్ట. జొన్న అంబలి, మజ్జిగ, ఉల్లిగడ్డ ఎలాగూ తప్పవు. రేకు మీద సున్నం కొడితే నిలవదు, పొలుసులుగా రాలిపోతుంది. తెల్ల పెయింటు నిలుస్తుంది గానీ దాని ధర అడిగి వెనక్కి వచ్చాను. మాది పొడిగాలి కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది, అయితే ఎదురు కిటికీ తెరిచి ఉంచాలి. తలుపులన్నీ బిగిస్తే గదంతా తడికాక పట్టి ఊపిరాడదు. ఈ ముక్క కూలర్ అమ్మేవాడు చెప్పడు, మెసేజ్‌లోనూ ఉండదు. పోనీ తడకలూ కూలర్లతో పగలు ఎట్లాగో గడుపుతాం.

గడవనిది రాత్రి. పగలంతా తాగిన వేడిని గోడలు పొద్దు గూకాక కక్కుతాయి. పదకొండు దాటినా గోడకు వీపు ఆనించలేం. పిల్లల మెడలకు చెమటకాయలు, గోకి గోకి పుండ్లు. బయట మంచాలు వేసుకుందామంటే దోమలు. మన జిల్లాలో మలేరియా సంగతి మీకు చెప్పాలా? సర్కారు ఇచ్చిన దోమతెరలు ఉన్నాయి. నాలుగు కర్రలు పాతి బయట మంచానికి కడితే, లోపల గాలి ఆడదు. కట్టకపోతే జ్వరం. లోపలా బయటా తిరుగుతూనే తెల్లారిపోతుంది. పగలు 40 దాటి ఉండి, రాత్రి కూడా మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వాతావరణ శాఖ దాన్ని 'వేడి రాత్రి' అంటుంది. రాత్రి ఒళ్లు చల్లారకపోతే మరుసటి రోజు ఎండ రెండింతలు దెబ్బ తీస్తుంది. మా దగ్గర వడదెబ్బ పొలంలో మొదలుకాదు, నిద్ర లేని రాత్రి నుంచి మొదలవుతుంది.

ఇక ఆ రాత్రే కరెంటు పోతుంది. ఉన్నా వోల్టేజీ ఉండదు. కూలర్ మోటారు గుర్రుమంటుంది తప్ప తిరగదు, కాసేపటికి కాలిన వాసన. పక్క జిల్లా చంద్రపూర్‌లో 2920 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. దాని కరెంటు మాకే ఇవ్వమని అడిగేంత అమాయకులం కాదు. మరమ్మతు పేరుతో ఆపేది ఏదైనా ఉంటే పొద్దున ఆరింటికి ఆపండి. రాత్రి పది నుంచి తెల్లవారు నాలుగు దాకా మాత్రం వదిలేయండి. ఎండలు ముదరక ముందే వాడవాడకూ ట్రాన్స్‌ఫార్మర్ ఎంత బరువు మోస్తోందో చూడమనండి. వోల్టేజీ సంగతి మాకు ఏటా టెన్షనే.

మా బంధువుల్లో ఒక పెద్దామె ఉండేది. ఎండలో ఎక్కడా పడిపోలేదు. వారం రోజులు అన్నం సయించక, రాత్రిళ్లు మగతగా ఉండి, రేకుల ఇంట్లోనే మంచం మీద పోయింది. వయసైపోయిందన్నారు, అంతే. పోస్ట్‌మార్టం లేదు, రాత లేదు. రోడ్డు మీద పోయినవాళ్లే లెక్కలోకి వస్తున్నారు, ఇంట్లో పోయినవాళ్లు రావడం లేదు. ఒడిశా 2015లోనే వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. వంతెనకు అవతల తెలంగాణ 2025 ఏప్రిల్‌లో ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షలు ఇస్తామంది. మన దగ్గర అట్లాంటి నిర్ణయం ముంబైలో జరగాలి, తెలుసు. కానీ 2005 చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులు మీరే. ఎండాకాలంలో ఇంట్లో జరిగిన ప్రతి చావు దగ్గరికీ ఆశా కార్యకర్త పోయి, ఇల్లు ఎట్లాంటిది, కరెంటు ఉందా, ముందు వారం మనిషి ఎట్లా ఉంది అని నాలుగు ముక్కలు రాసుకుని రమ్మని చెప్పడానికి ముంబై అక్కర్లేదు.

అసలు సంగతి ఇళ్లు. మా పాత ఇళ్లకు మట్టిగోడలు, పైన గూనపెంకులు. వాటిలో ఇంత బాధ లేదు. కానీ కోతులు పెంకులు పీకేస్తాయి, ఏటా తిరగేయాలి, తిరగేసేవాడు దొరకడు. అందుకే రేకులకు మారాం, షోకుకి కాదు. ఇప్పుడు ఘర్‌కుల్, అంటే సర్కారు ఇళ్ల పథకం కింద కొత్త ఇళ్లు వస్తున్నాయి. కేంద్రం పథకంలో మైదాన ప్రాంతాలకు 1.20 లక్షలు, మాలాంటి కష్టమైన చోట్లకు 1.30 లక్షలు, కనీసం 25 చదరపు మీటర్లు. ఆ డబ్బుతో గోడలు లేచి పైకప్పు పడేసరికే చేతులెత్తేస్తున్నారు. ఎదురెదురు కిటికీలు ఉండవు, వసారా ఉండదు. తెలంగాణ 2023లో చల్లటి పైకప్పుల విధానం తెచ్చింది. అంటే ఎండను వెనక్కి కొట్టే తెల్ల పూత. మన ఘర్‌కుల్ ఇళ్లకు ఆ పూత జిల్లా నిధుల నుంచే ఇప్పించండి. పాత రేకుల ఇళ్లలో ముసలివాళ్లు, పసిపిల్లలు, బాలింతలు ఉన్నవి ముందు తీసుకోండి. అవి ఏవో అంగన్‌వాడీ టీచర్లకు ఇంటింటి పేర్లతో తెలుసు, కొత్తగా సర్వే అంటూ ఎండాకాలం గడిపేయనక్కర్లేదు.

ఇంకొక్కటి. చివరి విడత డబ్బు వదలడానికి ఇల్లు చూసి ఫోటో తీసుకునే ఇంజనీర్లు చల్లటి పూట వచ్చి, వాకిట్లోనే నిలబడి పని ముగించుకుని పోతున్నారు. వాళ్లను మధ్యాహ్నం రెండింటికి రమ్మని, లోపల పావుగంట కూర్చుని ఫారం నింపమని ఒక ఆర్డర్ వేయండి.

ఇట్లు,
సిరొంచ తాలూకాలో ఇంటి దగ్గర బట్టలు కుట్టుకునే ఒక గృహిణి