కప్పుల అడుగు గరుకు, ఇరవై రూపాయల పెంపు

నమస్కారం అండీ. మా స్టోన్‌వేర్ (బాగా ఎక్కువ వేడిలో కాల్చిన గట్టి మట్టి) కప్పులు కొన్నవాళ్ళు చాలామంది ఒకటే మాట అంటున్నారు: "కప్పు బాగుంది గానీ అడుగు గరుకు, టేబుల్ మీద గీతలు పడుతున్నాయి." నిజమే. సన్‌మైకా మీద జరిపితే గీత పడుతుంది.

అడుక్కి కూడా గ్లేజ్ (కప్పు మీద మెరిసే గాజు పూత) వేసెయ్యొచ్చు కదా అంటారు. బట్టీలో 1200 డిగ్రీలు దాటాక గ్లేజ్ కరిగి గాజవుతుంది. అడుగున ఉందంటే కప్పు షెల్ఫుకి అతుక్కుని ఇక ఊడిరాదు. అందుకే అక్కడ తుడిచేసి ఉత్త మట్టి వదిలేస్తాం. ఆ మట్టి ఎండేటప్పుడు పగలకుండా కాల్చిన మట్టి రవ్వ కలుపుతాం, చేతికి తగిలేది అదే. పచ్చి కప్పు అడుగుని తడి స్పాంజితో ఎక్కువగా తుడిస్తే మెత్తటి మట్టి కొట్టుకుపోయి రవ్వ ఇంకా పైకి తేలుతుంది. చెంచా వెనక వైపుతో నొక్కితే కొంత లోపలికి దిగుతుంది, అంతే.

ఇన్నాళ్ళూ కాలిన కప్పులు రెండు తీసుకుని అడుగూ అడుగూ రాసి పంపేవాళ్ళం. ఇప్పుడు గ్రానైట్ పాలిష్‌కి వాడే డైమండ్ ప్యాడ్‌తో నీళ్ళ టబ్బులో రుద్ది, తర్వాత 400 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పడుతున్నాం. పొడిగా రుద్దితే పని తొందరగా అవుతుంది గానీ ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి ప్రమాదం. మా కుర్రాళ్ళ చేత ఆ పని చేయించను. ప్యాడ్ ఖరీదు పెద్దదేం కాదు, కూలీయే ఎక్కువ. అందుకే కప్పుకి ఇరవై రూపాయలు పెంచాం.

పాత కప్పులున్నవాళ్ళు హార్డ్‌వేర్ షాపులో 220, 400 నంబర్ల వాటర్ పేపర్ తెచ్చుకోండి. కాగితాన్ని తడిపి చదునైన టైల్ మీద పరిచి, కప్పుని దాని మీద గుండ్రంగా తిప్పండి. ముందు 220, తర్వాత 400. నీళ్ళు ఆరనివ్వకండి. గ్లేజ్ మీదికి పోనివ్వకండి, మెరుపు పోతుంది. కడిగాక ఒక రాత్రి ఆరనిచ్చి ఆ తర్వాతే మైక్రోవేవ్‌లో పెట్టండి. గ్లేజ్ కారి అడుగున గాజు ముల్లులా నిలిచి ఉంటే మాత్రం ఇంట్లో ముట్టుకోవద్దు. వేలు కోసుకుంటుంది. మాకు పంపండి, ఊరికే చేసిస్తాం.

ఎర్రమట్టి పెరుగు గిన్నెల ధర పెరగలేదు. వాటికి చెమ్మ దిగుతుంది కాబట్టి కింద ప్లేటు పెట్టుకోండి. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్ళకి కప్పులు పాత ధరకే వస్తాయి, కాకపోతే రెండు మూడు రోజులు ఆలస్యం.