సైకిల్ డెలివరీ వాళ్లకు దారివ్వండి: నగర కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి,

మా వినతిపత్రాలకు జవాబు రాలేదు కాబట్టి అందరి ముందూ రాస్తున్నాను. పండగ సీజన్‌లో పార్సిళ్లను సైకిళ్ల మీద చేరవేస్తున్నాం. వ్యాన్ ఆపడానికి చోటు వెతికేలోపే సందులో నాలుగిళ్లకు మేం అందించేస్తాం. 1907లో అమెరికాలోని సియాటిల్‌లో మొదలైన పార్సిల్ కంపెనీ యూపీఎస్ కూడా తొలినాళ్లలో కాలినడకన, సైకిళ్ల మీదే సరుకు చేరవేసింది.

కానీ సైకిల్ దారిలోనే వ్యాన్లు ఆపేస్తున్నారు. వెనక ట్రాలీ నిండా బరువుతో, చీకట్లో, దూసుకొచ్చే బండ్ల మధ్యకు మళ్లాల్సి వస్తోంది. ట్రాలీ ఊగిందంటే హ్యాండిల్ చేతిలో నిలవదు. మాతో పనిచేసే కుర్రాడు అలాగే పడ్డాడు, మణికట్టు విరిగింది. సీజన్ సంపాదన మొత్తం పోయింది. మేం ఇల్లు చేరేదాకా ఇంట్లోవాళ్లకు టెన్షనే.

దయచేసి ఈ సీజన్ ముగిసేదాకా సైకిల్ దారుల్లో వాహనాలు నిలపకుండా సిబ్బందిని పెట్టండి. సరుకు దించే చోట్ల మాకూ కొంత జాగా కేటాయించి, ఆ ఉత్తర్వును బహిరంగంగా ప్రకటించండి.

ఇట్లు,
ఒక సైకిల్ డెలివరీ కార్మికుడు