‘అన్‌లిమిటెడ్’ అని పెట్టాక 10 ఎంబీ స్టాకు 2 ఎంబీ అయింది: మూసేసిన టికెట్‌పై ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

విషయం: పార్టుల జాబితా సర్వర్ క్రాష్ కావడం, మీవాళ్లు చేసిన మార్పుతో అది మరింత ముదరడం గురించి.

అయ్యా,

జీడిమెట్లలోని మా పంపుల ఫ్యాక్టరీలో పార్టుల జాబితాలు తీసే మీ ప్రోగ్రాం 64 బిట్ సెంటాస్ 6 (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) మీద నడుస్తోంది. మొదట్లో ఒక్క కొత్త మోడల్ జాబితా తీసినప్పుడే ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ (తనది కాని మెమరీని తాకిన తప్పు) అని పడిపోయేది. టికెట్ పెడితే మీ ఇంజనీరు గారు కోర్ ఫైలు (పడిపోయిన క్షణంలో ప్రోగ్రాం మెమరీ నకలు) అడగనైనా అడగలేదు. స్టార్టప్ స్క్రిప్టులో స్టాకుకు పరిమితి ఎత్తేసే ‘యూలిమిట్ -ఎస్ అన్‌లిమిటెడ్’ అని ఒక లైను చేర్పించి, సర్వీసు రీస్టార్ట్ చేయించి టికెట్ మూసేశారు. అప్పట్నుంచి చిన్నాచితకా మోడళ్లకు కూడా పడిపోతోంది.

ఎందుకో మేమే చూసుకున్నాం. స్టాక్ అంటే ఫంక్షన్లు నడిచేటప్పుడు తమ లోకల్ వేరియబుల్స్ పెట్టుకునే మెమరీ. అంతకుముందు దాని పరిమితి 10240 కేబీ, అంటే 10 ఎంబీ. ప్రోగ్రాం ప్రత్యేకంగా అడగకపోతే జీలిబ్‌సీ (లైనక్స్‌లోని మూల సీ లైబ్రరీ) కొత్త థ్రెడ్డుకు, అంటే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే ఒక్కో పని వరసకు, కూడా ఆ పరిమితే ఇస్తుంది. ‘అన్‌లిమిటెడ్’ అన్నామంటే మాత్రం తన సొంత డిఫాల్టుకు, అంటే 2 ఎంబీకి దిగిపోతుంది. నమ్మకం లేకపోతే మెమరీ పంపకం చూపించే పీమ్యాప్ కమాండ్ కొట్టి చూడండి, ఒక్కో థ్రెడ్ స్టాకు 2048 కేబీ అని కనిపిస్తుంది.

అసలు జబ్బు మీ కోడులో ఉంది. కోర్ ఫైలును జీడీబీ అనే డీబగ్గర్‌లో తెరిచి బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే వరస) తీస్తే ఒకే ఫంక్షన్ తనను తానే పిలుచుకుంటూ పోతోంది: అసెంబ్లీలో సబ్ అసెంబ్లీ, దాన్లో ఇంకోటి. ఒక ఫ్రేముకూ (ఒక్కో పిలుపు స్టాకులో తీసుకునే భాగం) పక్క ఫ్రేముకూ స్టాక్ పాయింటర్ తేడా 1 ఎంబీ పైచిలుకు. అంత బఫర్‌ను లోకల్ వేరియబుల్‌గా ఎవరు పెట్టారో గానీ, 10 ఎంబీలో తొమ్మిది అంచెలు దాటదు, 2 ఎంబీలో రెండో అంచెకే గోవిందా.

క్రాష్ అయితే కనీసం తెలుస్తుంది. థ్రెడ్ స్టాకు చివర కాపలా ఉండి, తాకగానే ప్రోగ్రాంను పడగొట్టే గార్డ్ పేజీ 4 కేబీ మాత్రమే. మీ బఫర్ దాన్ని ఒక్క గెంతులో దాటేసి పక్క థ్రెడ్డు స్టాకులో రాసేస్తే మాకు చెప్పేదెవరు? నాలుగు ఇంపెల్లర్లకు బదులు నలభై అని పర్చేజ్ ఆర్డర్ వెళ్తే ఆ డబ్బు మీరు కడతారా?

సెంటాస్ 6 సపోర్టు 2020 నవంబరు 30తో అయిపోయింది కాబట్టి మీ కొత్త వెర్షన్ కొనుక్కోమని మీ జవాబు. ఆ తేదీ మాకూ తెలుసు. సెంటాస్ 7కు మారినా అక్కడ స్టాక్ డిఫాల్ట్ 8192 కేబీ, సెంటాస్ 6లోని 10240 కంటే తక్కువ. అక్కడ ఇదే కోడు ఇంకాస్త ముందే పడుతుంది.

మీ లైను తీసేసి స్టాక్ పరిమితి 65536 కేబీ అని పెట్టి ప్రస్తుతానికి బండి లాగిస్తున్నాం. టికెట్ మళ్లీ తెరవండి. బఫర్‌ను మాలాక్ ఫంక్షన్‌తో హీపులోకి (స్టాకుకు బయట అడిగి తీసుకునే మెమరీలోకి) మార్చి, థ్రెడ్ సృష్టించేటప్పుడే స్టాక్ సైజు అడిగేలా చేసిన ప్యాచ్‌ను ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కింద ఉచితంగా పంపండి. కోర్ ఫైలు, బ్యాక్‌ట్రేస్ జత చేశాను. 15 రోజుల్లో ప్యాచ్ రాకపోతే ఏఎంసీ రెన్యువల్ బిల్లు ఆపమని మా అకౌంట్స్‌కు రాస్తాను.

ఇట్లు,
సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్