పాత బంగారు వాచీని కరిగించే ముందు వెనక మూత తీయించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

బంగారం ధర పెరిగిన దగ్గర్నుంచి బీరువాల అడుగున ఉన్నవన్నీ బయటికొస్తున్నాయి కదా, మా ఇంట్లోనూ అదే జరిగింది. మేనకోడలి పెళ్లికి పాత బంగారం పోగేస్తుంటే అమ్మ ఒక స్టీలు డబ్బాలోంచి మా తాత చేతి వాచీ తీసిచ్చింది. ఆయన విశాఖ పోర్టులో టాలీ క్లర్కుగా, అంటే ఓడల సరుకు లెక్క రాసే గుమాస్తాగా చేశారు, ఓడ మీద వచ్చిన ఒకాయన దగ్గర కొన్నారని ఇంట్లో చెప్పుకుంటాం, అంతకుమించి కాగితం ముక్క లేదు. డయల్ మీద కంపెనీ పేరుండాల్సిన చోట మరక, దాని కింద ‘ఆటోమేటిక్’ అన్న అక్షరాలు మాత్రం మిగిలాయి.

కురుపాం మార్కెట్లో ఒక షాపుకి పట్టుకెళ్తే కౌంటర్లో కుర్రాడు అటూ ఇటూ తిప్పి చూసి, హాల్‌మార్క్ లేదండీ, రోల్డ్ గోల్డ్ అయ్యుంటుంది, కావాలంటే లోపలి మిషన్ పీకేసి కేసు కరిగించి చూస్తాం అన్నాడు. రెండు నిమిషాల్లో తేల్చేశాడు. నేనూ సరే అనేవాణ్ణే, కానీ ఊపితే లోపల ఏదో అటూ ఇటూ తగులుతున్నట్టు టక్ టక్‌మంటోంది, సరే ముందు ఈ సంగతి చూద్దామని పూర్ణా మార్కెట్ దగ్గర వాచీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను.

ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని వెనక మూత తీశారు. ఆ చప్పుడు జబ్బు కాదట, ఆ వాచీ తీరే అంత. ఇప్పటి ఆటోమేటిక్‌లలో అర్ధచంద్రంలాంటి బరువొకటి గుండ్రంగా తిరిగి స్ప్రింగుకి కీ ఎక్కిస్తుంది. మా తాత వాచీలో ఆ బరువు పూర్తిగా తిరగదు, కొంత దూరం ఊగి రెండు పక్కలా ఉన్న చిన్న స్ప్రింగులకి కొట్టుకుని వెనక్కొస్తుంది. వాచీలవాళ్లు దీన్ని బంపర్ ఆటోమేటిక్ అంటారు. ఒమేగా అనే స్విస్ కంపెనీవాళ్లు ఇలాంటివి 1943 నుంచి 1950ల మధ్యదాకా చేశారు, ఆ తర్వాత గుండ్రంగా తిరిగేవే అంతటా వచ్చి ఇవి మూలపడ్డాయి. కంపెనీ పేరు లేకపోయినా వాచీ వయసు అక్కడ చాలావరకు తెలిసిపోయింది.

మూత లోపలివైపు ఒక ఉడుత బొమ్మ కొట్టి ఉంది, పక్కన 585 అంకె. రాముడికి సాయం చేసిన ఉడుత స్విట్జర్లాండ్ ఎప్పుడెళ్లిందా అని నవ్వొచ్చింది గానీ, అది అక్కడి ప్రభుత్వ ముద్రట. 14 క్యారెట్లకి ఉడుత, 18కి ఆడమనిషి తల, 1995 నుంచి రెండింటికీ కుక్క తల. అంటే కేసులో వెయ్యికి 585 పాళ్లు బంగారమే, రోల్డ్ గోల్డ్ కాదు. పూత పూసినవైతే చాలావాటి మీద పూత మందం 10 మైక్రాన్లు, 20 మైక్రాన్లు అని రాసి ఉంటుంది, అది చూసి బంగారం అనుకుని మోసపోయేవాళ్లూ ఉన్నారట.

ఇక మన హాల్‌మార్క్ సంగతి. 2021 జూన్‌లో దాన్ని తప్పనిసరి చేసినప్పుడే బంగారు వాచీలకి మినహాయింపు ఇచ్చారు. మరి హాల్‌మార్క్ లేదు కాబట్టి నకిలీ అని కౌంటర్లో ఎలా చెప్తారు? షాపుల యజమానులు కుర్రాళ్లకి ఈ ఒక్క ముక్క చెప్పిపెడితే బాగుంటుంది. కరిగిస్తే వచ్చేది బంగారం ధర, అదీ తరుగు పోను. మిషన్ చెత్తబుట్టలోకి పోతుంది.

ఇంట్లో ఇలాంటివి ఉన్నవాళ్లు డయల్‌కి కొత్త రంగు వేయించొద్దు, వాచీ ఎవరిదో చెప్పే ఆనవాళ్లన్నీ అందులోనే పోతాయి. అంకెల మీద పాత రేడియం పూత ఉంటే గీకొద్దు, దాని పొడి ఒంట్లోకి పోతే ప్రమాదం. మన సముద్రపు గాలికి ఉప్పూ చెమ్మా ఎలాగూ తప్పవు, ఊరికే మూత తీసి చూసుకోవద్దు, తెలిసినవాళ్ల చేతే తీయించండి.

స్విస్ కంపెనీలు చాలావరకు మిషన్లు వేరేవాళ్ల దగ్గర కొని తమ పేరు వేసుకునేవి, చేసినవాడి గుర్తు మిషన్‌లో అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం కింద ఉంటుందట. మాది విప్పి కడిగినప్పుడు చూద్దాం, పెళ్లి అయ్యాక తీసుకురండి అన్నారు పెద్దాయన. ఈలోగా అమ్మ తన గాజుల జత మేనకోడలికి ఇచ్చేసింది.

— ఒక పాఠకుడు, మహారాణిపేట, విశాఖపట్నం