రామేశ్వరానికి ఇంకో దారి

ఒరేయ్ శ్రీనూ,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట ఇంకా నా బుర్రలోనే తిరుగుతోంది. "ఉన్న వంతెన మీదే ఇంత జనం వచ్చి పడుతుంటే రామేశ్వరానికి రెండో రోడ్డు ఎందుకురా?" అన్నావు. రైల్లో ఉన్నాను, సిగ్నల్ పోయింది. జవాబు గొంతులోనే ఉండిపోయింది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గా చదువు.

చుక్కల అమావాస్యకి అగ్నితీర్థంలో నాన్న పేర తర్పణం వదలాలని అమ్మ ఎన్నాళ్లనుంచో అడుగుతోంది. తమిళులకి అదే ఆడి అమావాస్య, వాళ్లకి చాలా పెద్ద రోజు. ముందురోజు మధురైలో కారు మాట్లాడుకుని బయల్దేరాం. ఒడ్డున చివరి ఊరు మండపం, అక్కడిదాకా హాయిగా వచ్చాం. అక్కడినుంచి సముద్రం మీదుగా రామేశ్వరం ద్వీపానికి తీసుకెళ్లే పాంబన్ రోడ్డు వంతెన ఎక్కాక బండి ఆగిపోయింది. కింద రైలు వంతెన మీద ఏదో రైలు వస్తోందట, ఫొటోల కోసం ముందున్నవాళ్లు కార్లు అక్కడికక్కడే ఆపేసి దిగిపోయారు. రెండే వరసల రోడ్డు. వెనకవాళ్లు ఓపిక పట్టలేక ఎదురు వరసలోకి దూరారు. ఇంక ఎటూ కదలిక లేదు.

అప్పుడు ద్వీపం వైపునుంచి ఒక అంబులెన్సు వచ్చి మాకెదురుగా ఇరుక్కుంది. రామనాథపురం పెద్దాసుపత్రికి వెళుతోందని మా డ్రైవరు చెప్పాడు. పక్క అద్దంలోంచి ఒకామె కనిపిస్తోంది. సెలైన్ సీసాని ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో పడుకున్న మనిషి నుదురు నిమురుతోంది. చెయ్యి నొప్పి పుట్టి సీసా కిందికి దిగడం, మళ్లీ ఉలిక్కిపడి పైకెత్తడం. పక్కకి తప్పుకుందామంటే ఇటూ సముద్రమే, అటూ సముద్రమే. మా డ్రైవరు దిగి ఒక్కో కారు అద్దం కొట్టి బతిమాలాడు. దారి దొరికేసరికి ఇరవై నిమిషాలైంది. ఆ మనిషి ఏమయ్యాడో తెలియదు. అమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

రైలు వంతెన కొత్తది వచ్చింది కదా అంటావు. వచ్చింది, దాన్ని కళ్లారా చూశాను కూడా. 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు మొదలైంది. పడవలొస్తే మధ్యలో 72.5 మీటర్ల ముక్క లిఫ్టులా నిటారుగా పైకి లేస్తుంది. కానీ అంతకుముందు సంగతి గుర్తుచేసుకో. 1914 నాటి పాత వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్లు ఆపేశారు. రెండేళ్లకు పైగా రైళ్లేవీ ద్వీపం దాకా వచ్చేవి కావు. యాత్రికులు, కూరగాయలు, చేపల లారీలు, అంతా ఆ ఒక్క రోడ్డు మీదే. రెండు దారులున్నాయని మనం అనుకుంటాం గానీ, ఒకటి మూలపడితే మిగిలేది ఒక్కటే.

ఆ రోడ్డు వంతెన కూడా 1988 అక్టోబరు 2న రాజీవ్ గాంధీ ప్రారంభించినదే. అంతకుముందు రైలో పడవో తప్ప వేరే దిక్కు లేదు. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోడి కొట్టుకుపోయింది, వంద మందికి పైగా ప్రయాణికులతో ఒక రైలు సముద్రంలో కలిసిపోయింది, రైలు వంతెన తెగింది. రైల్వే ఇంజనీరు శ్రీధరన్ గారి బృందం 46 రోజుల్లో బాగుచేసిందని అందరం గొప్పగా చెప్పుకుంటాం, నిజంగా గొప్పే. కానీ ఆ 46 రోజులు ద్వీపంలో ఉన్నవాళ్ల సంగతి ఆలోచించు. అక్కడి ఉప్పుగాలి ఇనుమునూ సిమెంటునూ తినేస్తుంది. ఇప్పుడున్న వంతెనకి పెద్ద మరమ్మతు ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. అప్పుడు బళ్లన్నీ ఎటు పోవాలి?

ఇంకో సంగతి. మధురై నుంచి రామేశ్వరం వచ్చే దారిలో పరమకుడి నుంచి రామనాథపురం దాకా రోడ్డు నాలుగు వరసలు చేయడానికి 2025 జులైలో కేంద్రం ఒప్పుకుంది. దాదాపు 47 కిలోమీటర్లు, 1,853 కోట్లు. అక్కడిదాకా వెడల్పు చేసి చివర ఈ రెండు వరసల వంతెన మీదికి వదిలితే, గరాటాలో పోసినట్టే కదా!

నీకు ఇదంతా కొత్త కాదురా. గోదావరి దాటడానికి ఎదుర్లంక రేవులో పంటు కోసం నిలబడిన రోజులు మర్చిపోయావా? యానాం వంతెన రాకముందు, పంటు వెళ్లిపోతే మళ్లీ అది తిరిగొచ్చేదాకా గట్టు మీదే పడిగాపులు. వరదొస్తే అదీ లేదు. వంతెనొస్తే పల్లె పాడైపోతుందని అప్పుడూ అన్నవాళ్లున్నారు. ఇప్పుడు కాకినాడ ఆసుపత్రికి వెళ్లాల్సినవాళ్లని అడుగు, ఏమంటారో.

అయితే నీ మాటలో ఒకటి మాత్రం కాదనలేను. దారి పెరిగితే కార్లు పెరుగుతాయి. ఆ ద్వీపం బావుల్లో దొరికే మంచినీళ్లు ఇసుకదిబ్బల కింద దాక్కున్న వాననీళ్లే. దిబ్బలు చదును చేసి లాడ్జీలు కడితే ఆ నీళ్లూ పోతాయి. మేం దిగిన సత్రంలో మేనేజరు తెలుగాయనే. రెండో వంతెన అన్న మాట వినిపిస్తే చాలు, భూముల రేట్లు అడిగేవాళ్లు మొదలవుతారని ఆయన బెంగ. పాంబన్ పడవలవాళ్లకి వేరే బెంగ: కొత్త స్తంభాలు ఎక్కడ దింపుతారు, పడవల దారికి అడ్డమొస్తాయా అని. దక్షిణాన మన్నార్ గల్ఫులో పగడపు దిబ్బలున్నాయి. పనుల బురదతో నీళ్లు మసకబారితే పగడానికి ఎండ అందదు.

అందుకే నేననేది, వంతెన కావాలి, కానీ కార్ల కోసం కాదు. యాత్రికుల కార్లు మండపంలోనే ఆపాలి. అక్కడినుంచి బస్సు, లేదా రైలు. కొత్త దారిలో ఒక వరస అంబులెన్సులకీ బస్సులకీ విడిగా ఉంచాలి. ఇసుకదిబ్బల మీద కట్టడాలు ఆపకుండా వంతెనకి పునాది వేస్తే మాత్రం నేనూ నీ పక్షమే. నువ్వు ఇరవై ఏళ్లు వంతెనల మీద పనిచేసినవాడివి. స్తంభాలు తక్కువగా, దూరదూరంగా వేసి కట్టడం కుదురుతుందా? నీళ్లు ఎంత కలకబారతాయి? నాకు వివరంగా రాయి. నా లెక్క తప్పని చూపిస్తే ఒప్పుకుంటాను.

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. కార్తీకంలో కాశీ వెళతామన్నారుగా, గంగలో కలపడానికి సేతువు ఇసుక గుడ్డలో మూటకట్టి తెచ్చాను. దేవుడి గూట్లో ఉంది, వచ్చి పట్టుకెళ్లు. గంగనీళ్లు తెచ్చాక రామేశ్వరంలో అభిషేకానికి మళ్లీ ఆ వంతెన దాటాలి కదా. ఆవిణ్ణి రైల్లోనే తీసుకెళ్లు, టెన్షన్ ఉండదు. అమావాస్య రోజుల్లో మాత్రం వద్దు.

నీ,
రవి